తల మంచిదైతే చాలు: చెన్నై మేడ మీద కాక్టస్ అంట్లు

పోయిన సెప్టెంబరులో ఒక పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని మేడెక్కాను. మాది పెరంబూర్‌లో రెండంతస్తుల ఇల్లు, పైన ఖాళీ మేడ, ఇక్కడి వాళ్ళు మొట్టమాడి అంటారు, అందులో సగం నా కుండీలవి, సగం మా అత్తగారి వడియాలవి. అలవాటుగా ఒక్కో మొక్కని వేలితో కదుపుతూ పోతుంటే ఎర్ర బంతి కాక్టస్ పక్కకి ఒరిగిపోయింది. కింద ఆకుపచ్చ కాడ మట్టి దగ్గర ఉడికిన బీరకాయ ముక్కలా మెత్తబడి ఉంది. పైన బంతి మాత్రం నిన్నటిలాగే నిగనిగలాడుతోంది, కింద కొంప మునిగిన సంగతి దానికింకా తెలియదు.

ఇలా అవగానే చాలామంది మొక్క పోయిందనుకుని కుండీతో సహా ఎత్తి పడేస్తారు. పడేయకండి. కాక్టస్‌కి కింది భాగం కుళ్ళినా పైన తల గట్టిగా ఉంటే మొక్క బతికున్నట్టే, దానికి ఇంకో మొదలు చూపిస్తే చాలు. గ్రాఫ్టింగ్ అంటే వింత వింత మొక్కలు తయారుచేసే సరదా అని ఆన్‌లైన్ వీడియోలు చూస్తే అనిపిస్తుంది కానీ, సముద్రం పక్కన, ఏడాదంతా తేమతో ఉక్కపోసే చెన్నైలాంటి ఊళ్ళో నాకది ముందు ఫస్ట్ ఎయిడ్, తర్వాతే సరదా. ఇక్కడ చెప్పేదంతా ఆ లెక్కలోనే చెప్తాను.

తెలుగులో దీన్ని అంటుకట్టడం అంటాం. బంగినపల్లి తినే ప్రతివాళ్ళూ అంటుచెట్టు కాయ తిన్నవాళ్ళే. నేను ఫోన్‌లో మా అక్కతో "ఈ ఆదివారం అంట్లు ఉన్నాయే" అంటే పనమ్మాయి రాలేదేమో అనుకుని జాలిపడింది పాపం. వేరుతో కింద ఉండే మొక్కని మొదలు అనీ, పైన పెట్టే ముక్కని తల అనీ పిలుస్తాను, మా ఇంట్లో అందరికీ ఈ మాటలే అలవాటు.

ఏది దేని మీద అతుక్కుంటుందన్నది ముందు తెలియాలి, ఇక్కడ మన భాషే ఒక తిరకాసు పెట్టింది. ముళ్ళతో దళసరిగా కనిపించిన ప్రతిదాన్నీ మనం జెముడు అనేశాం. నాగజెముడు అసలైన కాక్టస్, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు మాత్రం కాక్టస్‌లు కావు, యుఫోర్బియాలు, గిల్లితే పాలు కారతాయి. కాక్టస్ తలని యుఫోర్బియా మొదలు మీద పెడితే ఎంత బాగా కోసినా, ఎంత బాగా కట్టినా అతుక్కోదు, కుటుంబాలే వేరు. నేను మొదటి ఏడాది మా ఊరి నుంచి బొమ్మజెముడు కొమ్మ బస్సులో మోసుకొచ్చి దాని మీద మామిల్లేరియా అనే చిన్న కాక్టస్‌ని కట్టాను, పది రోజులకి రెండూ ఎండి ఊరుకున్నాయి. పాలు చూసి మాత్రమే తేల్చుకోకండి, మామిల్లేరియాల్లో కొన్నిటికి కూడా పాలొస్తాయి. ముల్లు పుట్టే చోట దూదిలాంటి చిన్న దిండు కనిపిస్తే అది కాక్టస్, ఆ గుర్తు తప్పదు.

మీ ఇంట్లో బ్రహ్మకమలం ఉందా? రాత్రి పూసి తెల్లారేసరికి తల వాల్చేసే ఆ తెల్ల పువ్వు మొక్క కూడా కాక్టసే. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. పక్కింటి పిన్నిని ఒక ఆకు అడిగి తెచ్చుకుని మట్టిలో గుచ్చితే మొక్క అయింది కదా, అది ఆకు కాదు, చదునుగా ఉన్న కాడ. అంటే కాక్టస్‌ని కోసి పెంచడం మీలో చాలామంది ఇప్పటికే చేసేశారు, తెలియదంతే.

మొదలుగా అందరికీ సులువుగా దొరికేది డ్రాగన్ ఫ్రూట్ కాడ. గుజరాత్ ప్రభుత్వం 2021 జనవరిలో ఆ పండుకి కమలం అని పేరు మార్చింది, కాబట్టి మనకిప్పుడు కాక్టస్ కమలాలు రెండు. నర్సరీల్లో అమ్మే ఎర్ర బంతి, పసుపు బంతి అన్నీ ఈ మూడు పలకల కాడ మీదే కూర్చుని ఉంటాయి. ఆ బంతుల్లో ఆకుపచ్చ పదార్థం లేదు, అంటే తమ తిండి తాము వండుకోలేవు, మొదలు వండి పెడితే తిని కూర్చుంటాయి. జిమ్నోకాలిసియం అనే కాక్టస్ మొలకల్లో ఇలాంటి ఎర్ర పిల్లలు పుడితే అంటుకట్టి బతికించడం 1940ల్లో జపాన్‌లో మొదలైంది, ఇప్పుడు దక్షిణ కొరియాలో వీటిని పెద్ద ఎత్తున తయారుచేసి ఎగుమతి చేస్తున్నారు. అందుకే ఎర్ర బంతిని విడదీసి మట్టిలో నాటితే ఎప్పటికీ వేరు పట్టి బతకదు, ఆ ప్రయత్నంలో నెలలు పోగొట్టుకోకండి.

డ్రాగన్ కాడలు ఎవరైనా పెంచుతుంటే అడగండి, తీగ కత్తిరించినప్పుడు వాళ్ళు పారేసేవే మనకి కావాలి. చిటికెన వేలికంటే లావుగా, ముదురు ఆకుపచ్చగా ఉన్నది తీసుకుని 15, 20 సెంటీమీటర్ల ముక్కలు చేసి, పైన ఏదో కింద ఏదో తెలిసేలా పై కొసన మార్కర్‌తో చుక్క పెట్టండి. తలకిందులుగా నాటితే నెలల తరబడి అలాగే మొండికేసి కూర్చుంటుంది. కోసిన ముక్కని నీడలో వారం ఆరబెట్టి, కోత తోలు కట్టాక నాటితే మూడు నాలుగు వారాల్లో వేర్లు వస్తాయి. వెంటనే వాడొద్దు. రెండు నెలలు ఆగి, పైన కొత్త చిగురు వచ్చిందంటే లోపల బలం పుంజుకుందని అర్థం, అప్పుడు కట్టండి. పండులోని గింజల్ని టీ వడకట్టే జాలీలో కడిగి మొలకెత్తించినా మొక్కలొస్తాయి, కానీ మొదలు లావెక్కడానికి ఏడాది పైనే పడుతుంది.

డ్రాగన్ కాడకి ఒక లోపముంది, అది చాలాకాలం మోయదు. కొన్నేళ్ళకి చితికిపోతుంది. మీకిష్టమైన మంచి కాక్టస్, ఇరవై ఏళ్ళు ఉంచుకోవాలనుకునేది అయితే నీలం రంగు కాడల మిర్టిల్లోకాక్టస్ మీద కట్టండి. నెమ్మదిగా పెరుగుతుంది, ఖరీదు కూడా కొంచెం ఎక్కువ, కానీ మొదలంటే అదీ.

మట్టి గురించి ఒక్క మాట. నది ఇసుక చెన్నైలో అంత సులువుగా దొరకదు, పక్కన కట్టే ఇంటి దగ్గర రెండు బొచ్చెల ఎంసాండ్, అంటే రాళ్ళు పిండిచేసి తీసే ఇసుక, అడిగితే ఇస్తారు, కాని అందులో సన్నటి పిండి ఉంటుంది, అది నీళ్ళు తగిలితే సిమెంటులా గట్టిపడి వేళ్ళని ఊపిరాడకుండా చేస్తుంది. బకెట్‌లో వేసి నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి, నాకు నాలుగైదు సార్లు పడుతుంది. దానిలో చితక్కొట్టిన ఇటుక ముక్కలు, కొంచెం బొగ్గు, ఎర్రమట్టి, కొద్దిగా కంపోస్టు. మొత్తంలో సగానికి పైగా గరుకు సరుకే ఉండాలి. నీళ్ళు పోస్తే పది సెకన్లలో కింద చిల్లులోంచి కారిపోవాలి, పైన నిలిచిందంటే మళ్ళీ కలపాల్సిందే.

ఇక అసలు పని. కావలసినవి: గడ్డం గీసుకునే కొత్త బ్లేడు, కాగితం కోసే కట్టర్, సర్జికల్ స్పిరిట్, దూది, రబ్బరు బ్యాండ్లు. బ్లేడుని ప్రతి కోతకీ స్పిరిట్‌తో తుడవాలి, తుడిచాక స్పిరిట్ ఆరనివ్వాలి, తడిగా ఉన్న బ్లేడుతో కోస్తే కణాలు కాలతాయి. వంటగది కత్తి వద్దు, అది కోయదు, నలుపుతుంది, నలిగిన చోటే కుళ్ళు మొదలవుతుంది.

మొదలుకి రెండు రోజుల ముందే నీళ్ళు పోసి ఉంచండి. కాడ నిండుగా ఉంటే కోత మీద రసం ఊరుతుంది, అతుకు పడేది ఆ రసంతోనే. అంటుకట్టే రోజు మాత్రం కాడ పైభాగం పొడిగా ఉండాలి. పొద్దున ఎండ ముదరకముందు కూర్చోండి, ఫ్యాను కింద మాత్రం కూర్చోకండి, కోతలు నిమిషంలో ఆరిపోతాయి.

మట్టికి 8, 10 సెంటీమీటర్ల ఎత్తున కాడని ఒకే ఊపులో అడ్డంగా కోయండి. రంపంలా ముందుకీ వెనక్కీ లాగొద్దు. కోసిన ముఖం చూడండి. లేత ఆకుపచ్చ కండ, మధ్యలో కొంచెం తెల్లగా, ఆ తెలుపు చుట్టూ చుక్కలు చుక్కలుగా ఒక వలయం కనిపిస్తుంది. కొన్నిటిలో అంత స్పష్టంగా ఉండదు, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని వంచి చూస్తే తెలుస్తుంది. నీళ్ళూ తిండీ రవాణా అయ్యే గొట్టాలన్నీ ఆ వలయంలోనే ఉన్నాయి. తల అడుగున కోసినా అలాంటి వలయమే కనిపిస్తుంది. అంటుకట్టడమంటే ఈ వలయాన్ని ఆ వలయానికి తగిలించడం, ఇంకేం లేదు. మిగతా కండ ఎంత బాగా అతికినా ఇవి తగలకపోతే తల నెల రోజులు తన నీళ్ళే తాగి ఆ తర్వాత ముడుచుకుపోతుంది.

రెండు వలయాలూ ఒకే సైజు ఉంటే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టండి, సమస్యే లేదు. సాధారణంగా అలా ఉండవు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇక్కడే కొత్తవాళ్ళందరూ, నాతో సహా, ఒకే తప్పు చేస్తారు, అందంగా ఉంటుందని తలని మధ్యలో పెడతారు. రెండు గాజులు తీసుకోండి, ఒకటి మీది, ఒకటి చిన్నపిల్లది. చిన్న గాజుని పెద్ద గాజు మధ్యలో నేల మీద పెడితే ఎక్కడా ఒకదానికొకటి తగలవు. చిన్నదాన్ని పక్కకి జరపండి, పెద్ద గాజుని రెండు చోట్ల దాటుతుంది. తలని కూడా అలాగే ఒక పక్కకి జరిపి పెట్టాలి. చూడ్డానికి టోపీ పక్కకి పెట్టుకున్నట్టుంటుంది, పర్వాలేదు, పెరిగాక సర్దుకుంటుంది.

పెట్టే ముందు ఇంకో చిన్న పని. కోసిన కండ ఆరేకొద్దీ లోపలికి కుంగుతుంది, పైతొక్క మాత్రం గట్టిది కాబట్టి అలాగే నిలబడుతుంది, దాంతో అంచులు గిన్నెలా లేచి తలని పైకి నెట్టేస్తాయి. అందుకని పెన్సిల్ చెక్కినట్టు మొదలు అంచుల్ని, ముఖ్యంగా డ్రాగన్ కాడ మూడు పలకల కొసల్ని, ఏటవాలుగా చెక్కేయండి. తల అడుగు అంచు కూడా కొంచెం. అంతా అయ్యాక మొదలు మీద నుంచి అప్పడమంత పల్చటి బిళ్ళ ఇంకొకటి కోసి, దాన్ని తీయకుండా అక్కడే మూతలా ఉంచండి, ఆరిపోకుండా కాపాడుతుంది. తల సిద్ధమయ్యాక ఆ బిళ్ళని పక్కకి జార్చేసి, అదే కదలికలో తలని జారుస్తూ పైకి తెచ్చి కూర్చోబెట్టండి. నిలువుగా దించితే మధ్యలో గాలి బుడగ చిక్కుకుంటుంది, జారిస్తే బయటికి పోతుంది. కొంచెం అటూ ఇటూ తిప్పి, వేలితో నొక్కండి.

కట్టడానికి రెండు రబ్బరు బ్యాండ్లు కుండీ కింది నుంచి తల మీదుగా ప్లస్ గుర్తులా వేయండి. తల మీద గుంట పడేంత గట్టిగా వద్దు, వేలితో తోస్తే జరిగేంత వదులుగానూ వద్దు. కుండీ పెద్దదై బ్యాండ్ అందకపోతే ఒక కుట్టుదారానికి రెండు చివర్లా చెరో ఇనప నట్టు కట్టి తల మీదుగా వేలాడదీయండి, తక్కెడలా రెండు పక్కలా సమానంగా లాగుతుంది. చెన్నై ఏప్రిల్ ఎండకి మామూలు బ్యాండ్లు నాలుగైదు రోజుల్లో జిగురుగా కరిగి పుటుక్కున తెగిపోతాయి, అప్పటికి అతుకు పూర్తయి ఉండదు, కాబట్టి మూడో రోజు ఒకసారి చూసి పాతవి ఉండగానే కొత్తవి వేయండి. నేను పాత నైలాన్ సాక్స్‌ని చుట్టూ సన్నగా కత్తిరించి వాడతాను, ఎండకి ఏమీ కాదు.

కట్టాక వెలుతురున్న నీడలో, గాలి ఆడే చోట పెట్టండి. మా ఇంట్లో అది మెట్ల కిటికీ. నాలుగైదు రోజులు నీళ్ళు వద్దు, తర్వాత కుండీ అంచు వెంట కొంచెం పోయండి, రెండు వారాల దాకా అతుకు మీద చుక్క పడకూడదు. 7 నుంచి 10 రోజులకి కట్లు విప్పొచ్చు. విప్పేటప్పుడు చెయ్యి వణుకుతుంది, టెన్షన్ సహజం. తల గట్టిగా, మెరుస్తూ, కొంచెం ఉబ్బినట్టు కనిపిస్తే పట్టింది. ముట్టుకోగానే ఊడొస్తే పట్టలేదు. అప్పుడు కూడా ఏం పోలేదు, రెంటినీ ఇంకో అర సెంటీమీటరు కోసేసి మళ్ళీ మొదటినుంచీ కట్టండి. ఒక ఆస్ట్రోఫైటమ్‌ని నేను ఇలా నాలుగు సార్లు కట్టాను, చివరికి నిమ్మకాయంతది ఉసిరికాయంత అయి మిగిలింది, కానీ మిగిలింది.

పట్టాక ఒకటి గుర్తుంచుకోండి, మొదలు ఊరుకోదు, పక్కల నుంచి తన చిగుళ్ళు తాను వేస్తుంది. చూసీ చూడనట్టు వదిలేస్తే తిండంతా అవే తినేస్తాయి. కనిపించగానే వేలితో తుంచేయాలి.

మళ్ళీ నా ఎర్ర బంతి దగ్గరికొద్దాం. మొదలు కింద కుళ్ళినప్పుడు అన్నిసార్లూ కొత్త అంటు అక్కర్లేదు. కుళ్ళుకి రెండు సెంటీమీటర్లు పైన కోసి ముఖం చూడండి. వలయం తెల్లగా, శుభ్రంగా ఉంటే మీ అదృష్టం, ఆ మిగిలిన కాడనే బంతితో సహా వారం పది రోజులు ఆరబెట్టి నాటేయండి, కొత్త వేర్లు వస్తాయి. వలయంలో ఒక్క ఎర్రటి గోధుమ రంగు చుక్క ఉన్నా శిలీంధ్రం గొట్టాల వెంట పైకి పాకుతోందని లెక్క. బ్లేడు తుడిచి ఇంకో ముక్క కోయండి, మళ్ళీ తుడవండి, మళ్ళీ కోయండి. తుడవకుండా కోస్తే ఆ రోగాన్ని మీ చేత్తోనే పైకి ఎక్కించినట్టు. నా దాంట్లో ఆ గోధుమ దారం బంతికి వేలెడు దూరం దాకా వచ్చేసింది, కాడ పనికిరాలేదు. బంతి అడుగుని కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోతే మూడో బిళ్ళకి శుభ్రమైన వలయం కనిపించింది, వెంటనే ఇంకో డ్రాగన్ మొదలు మీద కూర్చోబెట్టాను. దాని పక్కన ఉన్న రెండు పిలకల్ని కూడా తుంచి చెరో మొదలు మీద కట్టాను, ఇన్సూరెన్స్ అనుకోండి.

ఇంత చదివాక కనిపించిన ప్రతి కాక్టస్‌నీ కోయాలనిపిస్తుంది, ఆగండి. చాలావాటికి అంటు అవసరమే లేదు. అరటికి పిలకలు వేసినట్టు మామిల్లేరియా, ఎకినాప్సిస్ లాంటివి చుట్టూ పిలకలు వేస్తాయి, తుంచి ఆరబెట్టి మట్టి మీద కూర్చోబెడితే చాలు. పాతిపెట్టొద్దు, కూర్చోబెట్టడమే. ఆరబెట్టే రోజులు మాత్రం పుస్తకాల్లో చూసి లెక్కపెట్టకండి. మార్చిలో మూడు రోజులకే తోలు కడుతుంది, నవంబరులో పది రోజులైనా గోరు దిగుతుంది. గోరుతో గీస్తే టక్కుమని చప్పుడు రావాలి, అదే కొలత.

ఆకు నుంచి మొక్క అనగానే మనకి గుర్తొచ్చేది రణపాల. చిన్నప్పుడు ఆకు తెచ్చి నోటుబుక్కులో పెడితే అంచు గుంటల్లోంచి బుజ్జి మొక్కలు పుట్టేవి కదా. అన్ని ఆకులూ అంత మంచివి కావు. స్నేక్ ప్లాంట్ ఆకుని ముక్కలు చేసి నాటితే మొక్కలొస్తాయి కానీ, పసుపు అంచు ఉన్న రకాన్ని ఇలా పెంచితే వచ్చే పిల్లలకి పసుపు ఉండదు, ఉత్త ఆకుపచ్చే. అంచు కావాలంటే దుంప విడదీసి పిలక తీసుకోవాల్సిందే. ఇంకో మోసం, హార్ట్ ఆకారంలో ఒక్క ఆకు చిన్న కుండీలో గుచ్చి ఫిబ్రవరిలో అమ్ముతారే, ఆ హోయా. కణుపు లేకుండా ఆకు ఒక్కటే అయితే వేర్లు వేసి ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, తీగ మాత్రం సాగదు. కొనేముందు కొంచెం మట్టి జరిపి కింద కాడ ముక్క ఉందో లేదో చూడండి. మోసాల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, నేను ఒక నర్సరీలో పూసిన కాక్టస్ అని మురిసిపోయి కొన్నది ఇంటికొచ్చి చూస్తే వేడి జిగురుతో అంటించిన ఎండు పువ్వు. రెండు నెలలు వాడకపోయేసరికి, అబ్బ, ఎంత మంచి మొక్క అనుకున్నాను.

యుఫోర్బియాలని కూడా ఇలాగే అంటుకట్టొచ్చు, యుఫోర్బియా మీద యుఫోర్బియానే. నర్సరీల్లో కోడి జుట్టులా ముడతలు ముడతలుగా ఉన్న రకం చూసే ఉంటారు, దాని కింద ఉన్నది మన ఆకుజెముడు లాంటిదే. తేడా అంతా పాలతో వస్తుంది. కోయగానే ధార కడుతుంది, అది ఆరితే రెండు కోతల మధ్య రబ్బరు పొరలా అడ్డుపడుతుంది. చల్లటి నీళ్ళు స్ప్రే చేస్తూ, టిష్యూతో అద్దుతూ పాలు ఆగేదాకా ఓపిక పట్టి, అప్పుడు కలపండి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు లేకుండా ఈ పని ముట్టుకోవద్దు. పిల్లలు మేడ మీద ఉంటే ఆ రోజు మానేయండి.

చెన్నైకి నిజంగా సరిపోయే మొక్క అడీనియం. మే నెల కత్తెర ఎండలకి మనం ఇంట్లో దాక్కుంటే అది మేడ మీద పూస్తుంది. గింజ నుంచి పెంచితే అడుగు బాగా లావెక్కుతుంది కానీ తల్లి పువ్వు రంగు వస్తుందన్న నమ్మకం లేదు. కొమ్మ నాటితే అదే రంగు వస్తుంది, అడుగు మాత్రం అలా ఊరదు. అందుకే గింజ మొక్క మొదలు, నచ్చిన రంగు కొమ్మ తల. పెన్సిలంత లావు కొమ్మ మూడు నాలుగు సెంటీమీటర్లు తీసుకుని, ఆకులన్నీ కత్తిరించి, అడుగుని రెండు పక్కలా చెక్కి మొనలా చేయండి. మొదలు కొమ్మని కోసి మధ్యలో చీల్చి అందులో దించండి. ఇక్కడ కలవాల్సింది తొక్క కింద ఉండే పచ్చ పొర. లావు సమానంగా లేకపోతే ఒక పక్కకైనా సరిగ్గా కలపండి, మధ్యలో పెడితే రెండు పక్కలా పోతుంది, మళ్ళీ గాజుల కథే. కాక్టస్‌కి పూర్తిగా వ్యతిరేకం ఏంటంటే దీనికి కవరు తొడగాలి, టేపు చుట్టి పైన చిన్న పాలిథిన్ కవరు కట్టి రెండు వారాలు నీడలో ఉంచండి. లోపల కొత్త ఆకు మొన కనిపించాక ఒకేసారి తీయకుండా కవరు మూల కొంచెం కత్తిరించి, రెండు రోజులాగి తీయండి. ఇది గన్నేరు కుటుంబం, దీని పాలు కూడా విషమే, చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి.

పురుగుల్లో అసలు శత్రువు పిండినల్లి. అతుకు సందుల్లో, ముళ్ళ మధ్య తెల్ల దూది కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడవండి. ఆ దూదిని నలిపితే నెత్తురులాంటి ఎర్ర రంగు వస్తే మాత్రం అది కోచినియల్ పురుగు, నాగజెముడు మీద కనిపిస్తుంది. దీనికీ మన ఊరికీ పాత లెక్కలున్నాయి. 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ ఆండర్సన్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు ఆ ఎర్ర రంగు కోసం సైదాపేటలో నాగజెముడు తోటే వేయించాడు. తర్వాత దక్షిణాదిలో నాగజెముడు అదుపు తప్పి పొలాలు ఆక్రమిస్తే, 1926లో శ్రీలంక నుంచి తెచ్చిన కోచినియల్ రకమే దాన్ని పీల్చి పారేసింది. మేడ మీద ఒక్క నాగజెముడుకి అది పడితే పక్కవాటికి పాకకముందే విడిగా పెట్టండి.

ఎప్పుడు కట్టాలి? జనవరి ఆఖరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా చెన్నైలో ఇంతకంటే మంచి కాలం లేదు. మే నెలలో కాక్టస్‌లు ఎండకి నిద్రపోతాయి, సగం ఎండని ఆపే గ్రీన్ నెట్ కింద ఉంచి వదిలేయండి. జులై, ఆగస్టుల్లో చేయొచ్చు, సాయంత్రం ఉరుములు వినిపిస్తే పరిగెత్తి లోపల పెట్టే ఓపికుంటే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రాణం మీదికొస్తే తప్ప కోయకండి. 2023 నవంబరు ఆఖరున, నాకు సెలవులు దొరికాయని, 14 అంట్లు ఒకేసారి కట్టాను. డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను. మేడ తలుపు దగ్గర వరసగా పెట్టినవి పెట్టినట్టే, రెండు రోజులు జల్లు కొట్టింది, కరెంటు లేదు, వీధిలో మోకాలి లోతు నీళ్ళు, మొక్కల గురించి ఆలోచించే పరిస్థితి ఎవరికుంది. వారం తర్వాత చూస్తే 14లో 11 తలలు జారి కుండీల్లో పడున్నాయి, అతుకుల మీద బూజు. మిగిలిన మూడూ నేను మరిచిపోయి వంటగది కిటికీలో వదిలేసినవి.

సెప్టెంబరులో కోసిన ఎర్ర బంతిది మాత్రం ప్రాణం మీదికొచ్చిన కేసు కాబట్టి కాలం చూడలేదు. మెట్ల కిటికీలో పెట్టి, పక్కన చిన్న టేబుల్ ఫ్యాను రోజూ రెండు గంటలు, దూరం నుంచి. పెద్ద బంతి పట్టింది. పిలకల్లో ఒకటి పట్టింది, రెండోది మధ్యలో పెట్టాను, నాకే తెలుసు, చెప్తూనే చేశాను, అది ముడుచుకుపోయింది. పట్టిన పిలకని మా అక్క ఊరికెళ్తూ పట్టుకుపోయింది. పెద్దదానికి ఇది రెండో మొదలు, మూడోది బాల్కనీలో వేర్లు వేస్తోంది, ఇంకా చిగురు రాలేదు.